పెళ్లి వీడియోల బిన్, ఎన్‌ఆర్‌జీ ఫైల్స్ ఓపెన్ అవట్లేదా? పేరు మార్చే ముందు ఒకసారి సైజు చూడండి

ప్రశ్న: సార్ నమస్తే. మాది మిర్యాలగూడ, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. ఇంట్లో అటక మీద పాత కంప్యూటర్ ఉంటే దాని హార్డ్ డిస్క్ తీయించి, కేస్‌లో పెట్టించి లాప్‌టాప్‌కి కనెక్ట్ చేశా. 2007లో జరిగిన మా అక్క పెళ్లి వీడియోలు అందులోనే ఉన్నాయని నాన్న ఎప్పుడూ అంటుంటారు. సీడీలన్నీ గీతలు పడి పాడైపోయాయి, వీడియో తీసిన స్టూడియో కూడా ఎప్పుడో మూసేశారు. డిస్క్‌లో చూస్తే వీడియోలేమీ లేవు. పెళ్లి1, పెళ్లి2 అని రెండు బిన్ ఫైల్స్, వాటి పక్కన చిన్న క్యూ ఫైల్స్, రిసెప్షన్ అని 4.1 జీబీ ఎన్‌ఆర్‌జీ ఫైల్, ఫోటోలు అని ఎండీఎఫ్, ఎండీఎస్, ఇంకా బ్యాకప్ అని ఒక ఐఎంజీ ఫైల్ ఉన్నాయి. ఐఎంజీ మీద క్లిక్ చేస్తే కరప్ట్ అయిందని వస్తోంది, మిగతావి దేంతో ఓపెన్ చేయాలని విండోస్ నన్నే అడుగుతోంది. గుర్తు కోసం పెళ్లి2 బిన్ ఫైల్ పేరు అక్కపెళ్లి అని మార్చా. అన్నిటి చివరా ఐఎస్ఓ అని పెట్టేయమని బావగారు అంటున్నారు, ఆన్‌లైన్‌లో కన్వర్ట్ చేయమని ఫ్రెండ్ అంటోంది. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి? ఇంకోటి, ఆఫీస్ మెయిల్‌కి ఇన్‌వాయిస్ అని ఒక ఐఎస్ఓ ఫైల్ వచ్చింది, అది కూడా ఇదే సాఫ్ట్‌వేర్‌తో ఓపెన్ అవుతుందా?

సమాధానం: అమ్మా, ముందు ఆ ఆఫీస్ మెయిల్ ముట్టుకోకండి, దాని సంగతి చివర్లో చెప్తా. మీ దగ్గరున్నవి చాలావరకు సీడీని, డీవీడీని ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా ఎత్తిన కాపీలు, వీటినే ఇమేజ్ అంటారు, ఐఎస్ఓ కూడా అలాంటిదే. బావగారి సలహా, ఫ్రెండ్ సలహా రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఫైల్ చివర ఐఎస్ఓ అని రాసినంత మాత్రాన లోపలున్నది ఏమీ మారదు, పైగా రేపు అసలు అది ఏ ఫైలో మీకే గుర్తుండదు. ఆన్‌లైన్ కన్వర్టర్ అంటే ఇంటి పెళ్లి వీడియో మొత్తం ఎవడిదో తెలియని సర్వర్‌కి అప్‌లోడ్ చేయడం, అదీ 700 ఎంబీ, 4 జీబీ ఫైల్స్, అంత కష్టపడి అక్కడికి పంపితే చివరికి తిరిగొచ్చేది పనికొస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. పెళ్లి బిన్ ఫైల్స్ విషయంలో అయితే ఐఎస్ఓగా కన్వర్ట్ చేస్తే వీడియో పాడైపోతుంది. ఎందుకో చెప్తా, కొంచెం లెక్క ఉంటుంది కానీ ఆ లెక్క తెలిస్తే మిగతా పనంతా తేలిక.

అన్నిటికంటే ముందు కాపీ. దాదాపు ఇరవై ఏళ్ల నాటి హార్డ్ డిస్క్ అది, ఇవాళ తిరుగుతోంది కదా అని రేపూ తిరుగుతుందని అనుకోవద్దు. ఆ ఫైల్స్ అన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, ఆ డిస్క్ తీసి పక్కన పెట్టేసి, కాపీల మీదే ప్రయోగాలు చేయండి. కాపీ అయ్యాక అసలు ఫైల్ మీద, కాపీ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో బైట్ల సంఖ్య రెండిటికీ ఒకటే ఉందా అని చూడండి, ముఖ్యంగా ఎన్‌ఆర్‌జీకి. నీరో అనే సీడీ బర్నింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఫైల్ అది, ఆ రోజుల్లో మన దగ్గర ఏ నెట్ సెంటర్‌కి వెళ్లినా, ఏ స్టూడియోకి వెళ్లినా నీరోనే ఉండేది. దాని పద్ధతి ఏంటంటే ఎక్కడ ఏముందో చెప్పే సమాచారాన్ని ఫైల్ చివర రాసుకుంటుంది, కాబట్టి కాపీ మధ్యలో ఆగిపోయి తోక తెగితే చాలు, ముందున్న 4 జీబీ అంతా బాగానే ఉన్నా ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని గుర్తుపట్టదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుందామని అనుకుంటే ఇంకో చిక్కుంది, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైల్‌ని అసలు తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ అయి ఉండాలి.

ఇప్పుడు బిన్ సంగతి. మీరు సైజు పంపలేదు కాబట్టి ఉదాహరణకి మీ పెళ్లి1 సైజు ప్రాపర్టీస్‌లో 74,89,94,400 బైట్లు అని ఉందనుకుందాం. దాన్ని 2048తో భాగించి చూడండి, శేషం మిగులుతుంది. 2352తో భాగించండి, సరిగ్గా 3,18,450 వస్తుంది. సీడీలో డేటా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క మొత్తం 2352 బైట్లు, మామూలు డేటా సీడీలో అందులో 2048 మాత్రమే మన ఫైల్స్‌కి, మిగతాది అడ్రస్‌కి, గీతలు పడితే సరిదిద్దుకునే సమాచారానికి పోతుంది. ఐఎస్ఓ అంటే ఆ 2048లు మాత్రమే వరసగా పేర్చింది, బిన్ సాధారణంగా 2352 మొత్తం ఎత్తుకొచ్చింది. 2352తో నిశ్శేషంగా పోయిందంటే అది పూర్తి ముక్కలున్న కాపీ అన్నమాట. సీడీ ప్లేయర్ సెకనుకి ఇలాంటి ముక్కలు 75 చదువుతుంది, కాబట్టి 3,18,450ని 75తో భాగిస్తే 4,246 సెకన్లు, అంటే దాదాపు 71 నిమిషాలు. ఫైల్ ఓపెన్ చేయకుండానే అందులో ఎంత సేపటి సీడీ ఉందో తెలిసిపోయింది. 700 ఎంబీ సీడీలోంచి 714 ఎంబీ ఫైల్ ఎలా వచ్చిందని చాలామంది కంగారు పడతారు, వైరస్ అని కూడా అనుకుంటారు, అదేం లేదు, 80 నిమిషాల సీడీని పూర్తి ముక్కలతో ఎత్తితే 807 ఎంబీ దాకా వస్తుంది.

2007లో పెళ్లి వీడియోని సీడీలో ఇచ్చారంటే అది దాదాపు ఖాయంగా వీసీడీ, అంటే వీడియో సీడీ. 1993లో వచ్చిన స్టాండర్డ్ అది, మన దేశంలో పెళ్లిళ్లకి, సినిమాలకి చాలా ఏళ్లు రాజ్యమేలింది. దాంట్లో ఒక తెలివైన సర్దుబాటు చేశారు. వీడియోలో ఒక చుక్క అటూ ఇటూ అయినా కంటికి పెద్దగా తెలీదు కదా అని, సరిదిద్దుకునే సమాచారం ఉండే చోటుని కూడా వీడియోకే ఇచ్చేసి, ముక్కకి 2048 బదులు 2324 బైట్లు వాడారు. ఇప్పుడు కన్వర్టర్ వచ్చి ప్రతి ముక్కలో 2048 మాత్రమే ఉంచి మిగతాది కత్తిరించి ఐఎస్ఓ చేసిందనుకోండి, ముక్కకి 276 బైట్ల వీడియో పోతుంది, సెకనుకి 75 చోట్ల. ఆ ఐఎస్ఓ చక్కగా ఓపెన్ అవుతుంది, ఫోల్డర్లు కనిపిస్తాయి, ఫైల్ పేరు కనిపిస్తుంది, ప్లే చేస్తే మాత్రం తెర మీద గళ్లు గళ్లుగా, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, లేదా అసలు రాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి వీడియో పాడైపోయిందనుకుని అసలు బిన్‌ని డిలీట్ చేసేస్తారు, ఇక దాన్ని తిరిగి తెచ్చే దారి ఉండదు. అందుకే కన్వర్ట్ వద్దు అంటున్నా.

క్యూ ఫైల్ ఒకటి రెండు కేబీలే ఉందని పారేయకండి. మీ ఊళ్లో రైస్ మిల్లులో బస్తాకి కట్టే చీటీ ఉంటుంది చూడండి, క్యూ అంటే అదే, బస్తా పేరు బిన్. దాన్ని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేస్తే నాలుగైదు ఇంగ్లీష్ లైన్లు కనిపిస్తాయి, మొదటి లైన్‌లో కోట్స్ మధ్య బిన్ ఫైల్ పేరు, కింద ట్రాక్ నంబర్లు, ట్రాక్ పక్కన మోడ్2, 2352 అని ఉంటే అది వీసీడీ అనే నా అనుమానం ఇంకా బలపడినట్టే. మీరు పెళ్లి2ని అక్కపెళ్లి అని మార్చారు కదా, చీటీలో మాత్రం ఇంకా పెళ్లి2 అనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఆ పేరుతో వెతుక్కుని దొరకలేదని చేతులెత్తేస్తుంది. ఫైల్‌కి పాత పేరు పెట్టేయండి, లేదంటే నోట్‌ప్యాడ్‌లోనే కోట్స్ మధ్య కొత్త పేరు టైప్ చేసి సేవ్ చేయండి, రెండిట్లో ఏదైనా పర్లేదు. ఒక్కోసారి స్టూడియో వాళ్ల కంప్యూటర్ ఫోల్డర్ అడ్రస్ మొత్తం ఆ లైన్‌లో ఉండిపోతుంది, డీ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్ అని, అది మీ లాప్‌టాప్‌లో ఉండదు కాబట్టి అడ్రస్ తీసేసి ఉత్త ఫైల్ పేరు ఉంచితే చాలు. రెండు ఫైల్స్ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి.

వీడియో బయటికి తీయడానికి నేనైతే వీసీడీగేర్ అనే చిన్న ఫ్రీ టూల్ వాడమంటా. పాతకాలపు సాఫ్ట్‌వేరే, చూడ్డానికి కూడా అలాగే ఉంటుంది, కానీ వీసీడీ ఇమేజ్‌లోంచి వీడియోని ఎంపీజీ ఫైల్‌గా తీయడమే దాని అసలు పని, పైన చెప్పిన కత్తిరింపు చేయదు. అది కుదరకపోతే ఐసోబస్టర్. దీంట్లో క్యూ ఓపెన్ చేస్తే ఎడమవైపు ట్రాకులు విడివిడిగా కనిపిస్తాయి, వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌ట్రాక్ట్ ఆప్షన్లు చాలా వస్తాయి, అందులో ఎంపెగ్ వీడియో ఫ్రేములు మాత్రమే ఫిల్టర్ చేసి తీసేది ఒకటుంటుంది, అది ఎంచుకోండి. కొన్ని పనులకి ఇది లైసెన్స్ కొనమంటుంది, అప్పటికప్పుడు కొనేయకండి, ముందు వీసీడీగేర్‌తో అయిపోతుందేమో చూడండి. వచ్చిన ఎంపీజీని వీఎల్‌సీలో ప్లే చేసుకోవచ్చు. బొమ్మ మసకగా ఉందని బెంగ పడకండి, వీసీడీ బొమ్మ 352 బై 288 మాత్రమే, ఈ కాలం టీవీలో అంతకంటే బాగా కనిపించదు. దాన్ని ఫోర్ కే చేసిస్తాం అనే యాప్‌లు, షాపులు ఉన్నాయి, వాటితో మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతున్నాయి, నా అభిప్రాయంలో అక్క మొహం అక్క మొహంలా కనిపించే మసక బొమ్మే నయం. మీకు నచ్చితే చేయించుకోండి, అసలు ఎంపీజీ మాత్రం దాచండి.

రిసెప్షన్ ఎన్‌ఆర్‌జీ దీనికంటే చాలా సులువు. 4.1 జీబీ అంటే అది సీడీ కాదు డీవీడీ, డీవీడీలో ముక్క అంటే 2048 బైట్లే, పైన చెప్పిన గొడవేమీ లేదు. విన్‌సీడీఎమ్యూ అని ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఐఎస్ఓ, క్యూ, ఎన్‌ఆర్‌జీ, ఎండీఎస్, సీసీడీ, ఐఎంజీ అన్నీ తీసుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసి ఎన్‌ఆర్‌జీ మీద డబుల్ క్లిక్ చేస్తే దిస్ పీసీలో కొత్త డీవీడీ డ్రైవ్ ఒకటి వచ్చినట్టు కనిపిస్తుంది, మీ లాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవ్ లేకపోయినా సరే. లోపల వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ ఫైల్స్ ఉంటాయి, ఒక్కోటి 1 జీబీకి మించదు, సినిమా ఒకటే అయినా అలా ముక్కలుగా ఉండటం డీవీడీ లక్షణం. ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటికి కాపీ చేసుకుని హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే మొత్తం కలిపి ఒకే ఎంపీ4 చేసిస్తుంది, వాట్సాప్‌లో అక్కకి పంపాలన్నా, టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలన్నా అది హాయి. మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి, ఆ కాలం కెమెరాలు అలాగే తీసేవి.

ఫోటోల ఎండీఎఫ్, ఎండీఎస్ అనేవి ఆల్కహాల్ 120 శాతం అనే సాఫ్ట్‌వేర్ చేసిన జంట, పేరు అదే, నేను జోక్ చేయట్లేదు. పెద్దది ఎండీఎఫ్, దాని వివరాలు రాసుకున్న చిన్నది ఎండీఎస్. విన్‌సీడీఎమ్యూలో చిన్నదాని మీద క్లిక్ చేయాలి, పెద్దదాన్ని అది తనే వెతుక్కుంటుంది. డ్రైవ్ కనిపించాక ఫోటోలు కాపీ చేసుకుని, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి, అంతే.

ఐఎంజీ దగ్గర విండోస్ మిమ్మల్ని అనవసరంగా భయపెట్టింది. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏ సాఫ్ట్‌వేర్ లేకుండానే మౌంట్ అవుతుంది, అంటే కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఐఎంజీ కనిపించినా అది కూడా సీడీ కాపీయే అనుకుని అలాగే మౌంట్ చేయబోతుంది, అది సీడీ కాపీ కాకపోతే కరప్ట్ అయిందని చెప్పేస్తుంది. నిజానికి ఐఎంజీ అనేది ఎవరు పడితే వాళ్లు పెట్టుకున్న పేరు, ఫ్లాపీ కాపీకీ అదే, కెమెరా మెమరీ కార్డ్ కాపీకీ అదే, క్లోన్‌సీడీ చేసే సీడీ కాపీకీ అదే. మళ్లీ ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. సరిగ్గా 14,74,560 బైట్లు ఉంటే అది 1.44 ఎంబీ ఫ్లాపీ, నాన్నగారు ఏవో లెక్కలు, ఉత్తరాలు దాచుకుని ఉంటారు, దానికి సెవెన్‌జిప్ చాలు, రైట్ క్లిక్ చేసి ఆర్కైవ్ లాగా ఓపెన్ చేస్తే లోపలి ఫైల్స్ జిప్‌లో ఉన్నట్టే కనిపిస్తాయి. పక్కన అదే పేరుతో సీసీడీ ఫైల్ ఉంటే అది క్లోన్‌సీడీది, విన్‌సీడీఎమ్యూలో ఆ సీసీడీ మీద క్లిక్ చేయండి. రెండూ కాకుండా 128 ఎంబీ, 512 ఎంబీ లాంటి సైజుకి దగ్గరగా ఉంటే పాత డిజిటల్ కెమెరా కార్డ్ కావచ్చు, దాన్నీ ముందు సెవెన్‌జిప్‌తోనే చూడండి.

ఈ సెవెన్‌జిప్ గురించి మిగతా పాఠకులకి ఒక మాట, ఎందుకంటే ఇలాంటి ప్రశ్నలు వేరే ఫైల్స్ మీద కూడా వస్తుంటాయి. ఆపిల్ కంప్యూటర్ల డీఎంజీ, వర్చువల్ మెషిన్ల (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్) వీహెచ్‌డీ, వీఎండీకే, వీడీఐ, విండోస్ ఇన్‌స్టలేషన్‌లో ఉండే విమ్, వీటిలో చాలావాటిని ఇది మౌంట్ చేయకుండానే లోపలికి తొంగి చూడనిస్తుంది, అసలు ఫైల్‌లో ఒక్క బైట్ కూడా మారదు, అందుకే ఏమిటో తెలియని ఇమేజ్ కనిపిస్తే ముందు దీంతోనే చూడమంటా. ఎన్‌ఆర్‌జీ, బిన్ లాంటి సీడీ బర్నింగ్ సాఫ్ట్‌వేర్ల సొంత ఫైల్స్ దగ్గర మాత్రం దీన్ని నమ్ముకోకండి. వీహెచ్‌డీ విషయంలో జాగ్రత్త, దాన్ని డబుల్ క్లిక్‌తో మౌంట్ చేస్తే మామూలు హార్డ్ డిస్క్‌లాగా రాయడానికి కూడా తెరుచుకుంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోంచి అటాచ్ చేస్తూ రీడ్ ఓన్లీ టిక్ పెట్టుకోవాలి. లోపల లైనక్స్ డిస్క్ ఉంటే విండోస్‌కి అది అర్థం కాక, వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటావా అని మర్యాదగా అడుగుతుంది. ఆ బాక్స్‌కి ఎప్పుడూ క్యాన్సిలే.

సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ విషయం కూడా చెప్పాలి. ఎన్‌ఆర్‌జీ ఓపెనర్ అని సెర్చ్ కొడితే పైన వచ్చేవి చాలావరకు ప్రకటనలు, పెద్ద పెద్ద పచ్చ డౌన్‌లోడ్ బటన్లు పెట్టి అసలు దానికి బదులు ఇంకేదో అంటగడతారు. పైన చెప్పినవి ఏవైనా వాటి సొంత సైట్ నుంచే తీసుకోండి, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టేయకుండా ప్రతి స్క్రీన్ చదవండి, బ్రౌజర్ మారుస్తా, క్లీనర్ వేస్తా అని ఏదైనా టిక్ ఉంటే తీసేయండి. మీ పనికి వీసీడీగేర్, విన్‌సీడీఎమ్యూ, సెవెన్‌జిప్, హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీ సరిపోతాయి, అన్నీ ఫ్రీ.

ఇక ఆఫీస్ మెయిల్. మీ కంపెనీకి సరుకు అమ్మినవాళ్లు ఇన్‌వాయిస్‌ని పీడీఎఫ్‌లో పంపుతారు, మహా అయితే ఎక్సెల్‌లో పంపుతారు, సీడీ ఇమేజ్‌లో పంపే అవసరం ఎవరికీ ఉండదు. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చే ఆఫీస్ ఫైల్స్‌లో మాక్రోలని, అంటే ఫైల్ లోపలే ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములని, బ్లాక్ చేయడం మొదలుపెట్టాక దొంగలు ఈ దారి పట్టారు. నెట్ నుంచి దిగిన ఫైల్‌కి విండోస్ ఒక గుర్తు వేస్తుంది, ఇది బయటిది జాగ్రత్త అని, కానీ ఐఎస్ఓకి వేసిన ఆ గుర్తు లోపలున్న ఫైల్స్‌కి అంటేది కాదు, దాంతో లోపలున్న దాని మీద క్లిక్ చేసినా హెచ్చరిక వచ్చేది కాదు. లోపల డాక్యుమెంట్‌లా కనిపించే ఒక షార్ట్‌కట్, దాని వెనక దాచిపెట్టిన ప్రోగ్రామ్, అదీ వాళ్ల పద్ధతి. 2022 నవంబర్‌లో వచ్చిన విండోస్ అప్‌డేట్‌తో ఆ గుర్తు లోపలికి కూడా వెళ్లేలా సరిచేశారు, కానీ అప్‌డేట్ చేయని కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి, హెచ్చరిక వచ్చినా చదవకుండా ఓకే కొట్టే అలవాటు అందరికీ ఉంది. మీరు ఆ ఫైల్‌ని డౌన్‌లోడ్ మాత్రమే చేసి ఉంటే ఓపెన్ చేయకుండా మీ ఐటీ వాళ్లకి చెప్పండి, మెయిల్ డిలీట్ చేయొద్దు, వాళ్లకి అది కావాలి. ఒకవేళ ఇప్పటికే ఓపెన్ చేసి లోపల దేనిమీదైనా క్లిక్ చేసి ఉంటే నెట్ కట్ చేసి ఇవాళే చెప్పండి, తిడతారేమో అని రేపటికి వాయిదా వేయొద్దు.

పెళ్లి1, పెళ్లి2 రెండిట్లో ఏదైనా వీసీడీగేర్‌లో మొండికేస్తే, దాని క్యూ ఫైల్‌లో ఉన్న లైన్లన్నీ, బిన్ ఫైల్ బైట్ల సంఖ్య నాకు రాసి పంపండి, ఎక్కడ తేడా ఉందో చూసి చెప్తా.